డిగ్రీ చేతికొచ్చింది.. మరి సర్టిఫికెట్ ఉందా?

ఆటిజం, డిస్లెక్సియా ఉన్న పట్టభద్రులు, వారి తల్లిదండ్రుల కోసం

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి అబ్బాయి ఉండే ఉంటాడు. బీకాం ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. లెక్కల్లో తప్పుంటే ఇట్టే పట్టేస్తాడు. కానీ ఇంటర్వ్యూలో ఎదుటివారి కళ్లలోకి చూడడు. అడిగిన దానికి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాడు. ఆసక్తి లేదనుకుని వాళ్లు పంపించేస్తారు. ఇంట్లోవాళ్లేమో ‘ఇంత బాగా చదివాడు, వీడికి వైకల్యమేంటి’ అని సర్టిఫికెట్ ఊసే ఎత్తరు. చివరికి నష్టపోయేది ఆ అబ్బాయే.

చట్టం ఏం చెబుతోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి పాత చట్టంలో లేని ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటివి) ఇందులో చేరాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగుల రిజర్వేషన్ 4 శాతం. అందులో 1 శాతం ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి ఇచ్చారు. అంటే పోస్టులు తక్కువే. అందుకే ఒక్క నోటిఫికేషన్ కూడా చేజారనివ్వకండి. ఏ పోస్టు ఏ వైకల్యానికి కేటాయించారో అందులోనే ఉంటుంది.

గమనిక: ఏడీహెచ్‌డీ ఈ 21 జాబితాలో విడిగా లేదు. దాంతోపాటు ఆటిజం గానీ, అభ్యసన వైకల్యం గానీ ఉన్నట్టు అనిపిస్తే వాటికి పరీక్ష చేయించుకోండి.

నోటిఫికేషన్ రాకముందే చేయాల్సినవి

1. రిజర్వేషన్‌కు వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. సదరం శిబిరానికి మీసేవలో గానీ, సచివాలయంలో గానీ స్లాట్ గురించి అడగండి.
2. యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి.
3. అభ్యసన వైకల్యానికి పదో తరగతి పరీక్షల కోసం తీసుకున్న పాత పత్రాన్ని నమ్ముకోకండి. 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అప్పుడిచ్చే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

దరఖాస్తు గడువు ముంచుకొచ్చాక పరుగెత్తితే సర్టిఫికెట్ చేతికి రాదు. ఈ నెలలోనే మొదలుపెట్టండి.

రాత పరీక్షలో

రాయడం కష్టమైతే స్క్రైబ్‌ను, అదనపు సమయాన్ని కోరవచ్చు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. వైకల్యం 40 శాతం కంటే తక్కువున్నా, రాయలేని ఇబ్బంది ఉన్నట్టు వైద్య ధ్రువపత్రం ఉంటే ఈ సౌకర్యం వర్తిస్తుందని 2022 ఆగస్టు మార్గదర్శకాలు చెప్పాయి. ఈ అవసరాన్ని దరఖాస్తులోనే నమోదు చేయండి.

ప్రైవేటు కంపెనీల్లో

ఇక్కడ రిజర్వేషన్ లేదు. అయితే 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ దివ్యాంగులకు కల్పించే సౌకర్యాలతో సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. అది చూపించమని అడగండి. కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. దివ్యాంగుల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేక కెరీర్ సర్వీస్ సెంటర్ కూడా ఉంది.

ఇంటర్వ్యూలో చెప్పాలా, వద్దా?

రిజర్వేషన్ కోరితే చెప్పక తప్పదు. ప్రైవేటులో అది మీ ఇష్టం. చెప్పదలిస్తే జబ్బు పేరులా చెప్పి ఊరుకోకండి, ఏం కావాలో చెప్పండి. ‘ఒక్కో ప్రశ్న విడిగా అడగండి’, ‘పని కాగితం మీద రాసివ్వండి’, ‘చప్పుడు తక్కువుండే చోట కూర్చోబెట్టండి’, ‘మాటలకంటే పని ఇచ్చి చూడండి’. వీటికి పెద్దగా ఖర్చు కాదు. ప్రభుత్వ కార్యాలయాలైతే ఇలాంటి సర్దుబాట్లు కల్పించాలని చట్టమే చెబుతోంది.

అన్యాయం జరిగితే

ప్రభుత్వ కార్యాలయంలో అయితే అక్కడి ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసివ్వండి. రెండు వారాల్లో విచారణ జరపాలి. తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ప్రతి కాగితానికీ రసీదు తీసుకోవడం మరవకండి.

సర్టిఫికెట్ తీసుకుంటే చదువు విలువ తగ్గదు. ఆ చదువుకు తగిన పని అడిగే హక్కు దొరుకుతుంది. ఈ పీడీఎఫ్‌ను అవసరమున్న ఒక్క ఇంటికైనా పంపండి.