పిడుదు చిన్నది, ముప్పు పెద్దది

చౌడేపల్లె పక్క చాలా ఇళ్లలో పాడి ఆవులుంటాయి. వాన లేక పంట పోయినా పాల డబ్బు వస్తుంది. ఇంటి ఖర్చుకు ఆ డబ్బే. పిల్లల చదువుకు ఆ డబ్బే. అప్పు కంతు కట్టేదీ ఆ డబ్బుతోనే. ఆవు పడకేస్తే ఇల్లు పడకేసినట్టే.

ఆవును పడకేయించే జబ్బుల్లో ఒకటి థైలీరియా. ఇది రక్తంలో చేరే జబ్బు. దీని క్రిమి కంటికి కనబడదు. ఈ జబ్బు మన దేశంలోనే కాదు, ఉత్తర ఆఫ్రికా నుంచి చైనా దాకా ఉంది.

జబ్బు ఎట్లా వస్తుంది?

ఈ జబ్బును మోసేది పిడుదు. కొన్ని ఊర్లలో గోమారి అంటారు. పిల్ల పిడుదు జబ్బు ఆవు రక్తం తాగుతుంది. తాగి కింద రాలుతుంది. గోడ పగుల్లో దాక్కుంటుంది. పెద్దదై ఇంకో ఆవును పట్టుకుంటుంది. అప్పుడు క్రిమి ఆ ఆవు ఒంట్లోకి పోతుంది.

ఏ ఆవులకు ముప్పు ఎక్కువ?

జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర ఆవులకు ముప్పు ఎక్కువ. వాటి దూడలకూ ఎక్కువే. నాటు ఆవులు చాలావరకు తట్టుకుంటాయి. కానీ వాటి ఒంట్లోనూ క్రిమి ఉండవచ్చు. పైకి తెలియదు. ఎండాకాలంలో, వానాకాలంలో పిడుదులు పెరుగుతాయి. పగుళ్ల గోడలున్న కొట్టంలో అవి తిష్ట వేస్తాయి. సంతలో కొన్న ఆవుతోనూ ఇంటికి వస్తాయి.

ఎట్లా గుర్తుపట్టాలి?

ఆవుకు మామూలు వేడి 101, 102 డిగ్రీలు. ఈ జబ్బులో 104 నుంచి 106 దాకా పోతుంది. జబ్బ ముందు గడ్డ ఉబ్బుతుంది. ఆవు మేత ముట్టదు. నెమరు వేయదు. పాలు తగ్గిపోతాయి. చిగుళ్లు, కంటి లోపలి రెప్ప తెల్లబడతాయి. ఆయాసం వస్తుంది. ఉచ్చ కాఫీ రంగులో వస్తే అది బెబీసియా కావచ్చు. అదీ పిడుదు తెచ్చే జబ్బే. కానీ దాని మందు వేరు.

"ఎండదెబ్బలే", "దిష్టి తగిలిందిలే" అని రెండు మూడు రోజులు చూస్తారు. ఆ రోజుల్లోనే రక్తం తగ్గిపోతుంది. ఆవు చచ్చిపోవచ్చు కూడా.

ఏం చేయాలి?

జ్వరం, గడ్డ కనబడిన రోజే పశువైద్యుణ్ణి పిలవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పశువుల అంబులెన్సులు మొదలైనాయి. వాటి ఫోన్ నంబరు 1962. డాక్టరు చెవి దగ్గర రక్తపు చుక్క తీసి గాజు పలక మీద పూస్తారు. మైక్రోస్కోపులో చూస్తే క్రిమి కనబడుతుంది. థైలీరియాకు మంచి ఇంజెక్షన్ ఉంది. తొందరగా వేస్తే ఆవు బతుకుతుంది. ఇంజెక్షన్ తర్వాత ఎన్ని రోజులు పాలు వాడకూడదో అడగాలి. దూడలకు టీకా సంగతీ అడగాలి.

రాకముందే ఏం చేయాలి?

కొట్టం గోడల పగుళ్లు పూడ్చాలి. సున్నం కొట్టాలి. రోజూ ఆవు చెవులు, పొదుగు, తోక కింద తడిమి చూడాలి. పిడుదును ఉత్త చేత్తో నలపకూడదు. పిడుదుల మందు డాక్టరు చెప్పిన కొలతలోనే వాడాలి. పైరుకు కొట్టే మందు ఆవుకు పూయకూడదు. ఆవు ఒంటికి మందు పెట్టినప్పుడు గోడలకూ కొట్టాలి. అప్పుడు గాడిలో మేత, నీళ్లు ఉండకూడదు. కొత్త ఆవును కొన్నాళ్లు వేరుగా కట్టాలి.

చెప్పండి

1. పిడుదు ఎక్కడ దాక్కుంటుంది?
2. ఆవు జబ్బ ముందు ఎందుకు తడిమి చూడాలి?
3. మీ కొట్టంలో పగుళ్లు ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టి రాయండి.