మెదడుకు పని పెట్టే ఊరు

పాతికేళ్లకల్లా మెదడు ఎదుగుదల పూర్తవుతుందని, ఆపైన మిగిలేది అరుగుదలేనని చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటుంటారు. అందులో సగమే నిజం. ముందుచూపు, నిగ్రహం చూసుకునే నుదుటి వెనుక భాగం ముదరడానికి దాదాపు పాతికేళ్లు పట్టే మాట వాస్తవమే. ఆ తర్వాత కూడా వాడిన దారులు బలపడుతూ, వాడనివి సన్నబడుతూనే ఉంటాయి. తేల్చుకోవలసింది, పెద్దవాళ్ల మెదడును మార్చేది ఏమిటన్నది. సంకల్పం అంటాయి మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. కర్ణాటకలోని కోలారు జిల్లాను చూస్తే అవసరం అనాలనిపిస్తుంది.

అక్కడి బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో కూరగాయలమ్మే మనిషి 'ఎంతమ్మా' అన్నవారికి తెలుగులో, 'ఎవ్వళవు' అన్నవారికి తమిళంలో, 'ఎష్టు' అన్నవారికి కన్నడంలో ధర చెబుతుంది, కాటా మీంచి చూపు తిప్పకుండా. గనుల పనికి ఆర్కాటు వైపు నుంచీ చిత్తూరు వైపు నుంచీ వచ్చి కన్నడ రాజ్యంలో స్థిరపడ్డ జనం వీళ్లు. ఎవరూ భాషల కోర్సులో చేరలేదు. ఒక భాష పలికేటప్పుడు తక్కినవాటిని నాలుక మీదికి రానివ్వకుండా ఆపాలి, ఆ పని రోజంతా సాగుతుంది. అది మెదడుకు మేలు చేస్తుందనడానికి సాక్ష్యమూ ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో అల్లాడి సువర్ణ బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి మొహం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించడం అన్నిటికన్నా ముఖ్యమని నా ఉద్దేశం. రెండుకు మించి ఎన్ని వచ్చినా అదనపు లాభం తేలలేదు, కాబట్టి కోలారువాళ్లు మూడో భాషకు వేరే మార్కులు అడగనక్కర్లేదు.

పుట్టుకతో చురుకైనవాళ్లే రెండు భాషలు నేర్చుకుంటారేమో అనొచ్చు. పైగా ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ మేలు కనబడలేదు కూడా. అందుకే భాషల సాక్ష్యం ఒక్కదాని మీదే ఆధారపడను. లండన్‌లో టాక్సీ లైసెన్సు కోసం వేల వీధులు బట్టీ పట్టే 79 మందిని శిక్షణకు ముందు, వారిలో తిరిగి వచ్చినవారిని తర్వాత స్కాన్ చేసిన ఫలితాలు 2011లో వచ్చాయి. మొదట్లో వాళ్ల మెదళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చివరికి నెగ్గిన 39 మందిలోనే జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెరిగింది.

అవసరమే గురువైతే, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కేజీఎఫ్ కార్మికులందరూ కొత్త మనుషులైపోవాలి కదా? ఇది గట్టి ప్రశ్నే. మూడు కిలోమీటర్ల లోతున చాంపియన్ రీఫ్ గనిలో సంపాదించిన అనుభవం పైన ఎవరికీ అక్కరలేకపోయింది. పొట్టకూటికి తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి రాత్రికి ఇల్లు చేరే మనిషికి నేర్చుకునే తీరికేదీ? నేర్చుకున్నది కుదురుకోవడానికి నిద్ర కావాలి, ఎడతెగని ఆందోళన అదే హిప్పోక్యాంపస్‌ను దెబ్బతీస్తుంది. అలాంటివారికి సంకల్పబలం గురించి ఉపన్యాసాలివ్వడం అన్యాయం. ముందు కావలసింది జీతం.

అంత కష్టం లేనివాళ్లు మాత్రం చిన్న అవసరాన్ని కావాలనే తెచ్చిపెట్టుకోవచ్చు. బెంగళూరులో ఏళ్లుగా ఉంటూ కన్నడం రాలేదనే తెలుగువాళ్లు భాష నేర్పే యాప్ కొనేముందు, పాలవాడితో నెల లెక్క కన్నడంలోనే తేల్చుకుని చూడొచ్చు. పొరబడితే డబ్బు పోతుంది గనక మెదడు ఒళ్లు దగ్గర పెట్టుకుని వింటుంది.