ఆదివారం రాత్రికల్లా ఒక వెబ్‌పేజీ

మీ ల్యాప్‌టాప్‌లో ‘న్యూ ఫోల్డర్’ పేరుతో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. ఒకదాంట్లో సగం రాసి వదిలేసిన పోర్ట్‌ఫోలియో, ఇంకోదాంట్లో లాగిన్ పేజీ దగ్గరే ఆగిపోయిన ‘స్టార్టప్’, మరోదాంట్లో కోర్సు మొదటి మూడు వీడియోలకు రాసుకున్న నోట్సు. తెలివి చాలక ఆగిన పనులు కావివి. మొదటిరోజే వాటిని మరీ పెద్దగా ఊహించుకున్నారు, అంత పెద్దదాన్ని ముట్టుకోవడానికి రెండోరోజు భయమేసింది. అంతే.

దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒక ఆట. వెబ్‌పేజీలు చేయడం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఐదారుగురు, మహా అయితే పదిమంది కలిసి ఒక గ్రూపు పెట్టుకోండి. సోమవారం ఒకరు విషయం చెప్పాలి. అది ఎంత పనికిమాలినదైతే అంత మంచిది. ‘చూడగానే చిరాకేసే ఫోన్ నంబరు ఫారం’ లాంటిది. ఆదివారం రాత్రి ఎనిమిదికల్లా అందరూ తమ పేజీ లింకు పెట్టాలి. బహుమతి లేదు, ర్యాంకు లేదు. వచ్చే సోమవారం విషయం చెప్పే వంతు ఇంకొకరిది.

పనికిమాలిన విషయం ఎందుకంటే, అందులో పరువు పోయే ప్రమాదం లేదు. ‘నా పోర్ట్‌ఫోలియో’ అన్నారనుకోండి, నెలరోజులు రంగులు మారుస్తూ కూర్చుంటారు. చిరాకు ఫారం బాగా రాకపోతే నష్టమేముంది? ఇంకాస్త చిరాకేస్తుంది, మార్కులు ఇంకా పెరుగుతాయి.

ఇలాంటి ఆటలు వెబ్‌కి కొత్త కాదు. 2000లో స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ ‘ఫైవ్ కే’ అనే పోటీ పెట్టాడు. మొత్తం పేజీ, బొమ్మలతో సహా, 5 కిలోబైట్లకు మించకూడదు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో దానికి వందల రెట్లు ఉంటుంది. ఆ ఇరుకులోనే జనం ఆటలు, బొమ్మలు, చిన్న చిన్న వింతలు చేసి పంపారు. ఆయనే తర్వాత ఫ్లికర్, స్లాక్ స్థాపించినవాళ్లలో ఒకడయ్యాడు. 2003లో డేవ్ షే ‘సీఎస్ఎస్ జెన్ గార్డెన్’ మొదలుపెట్టి ఇంకో షరతు పెట్టాడు: హెచ్‌టీఎంఎల్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకూడదు, స్టైల్ షీటు మాత్రమే మార్చుకోవచ్చు. ఒకే పాఠం డిజైనరు మారినప్పుడల్లా గుర్తుపట్టలేని కొత్త పేజీ అయింది. సీఎస్ఎస్ సత్తా ఏమిటో పాఠ్యపుస్తకాల కంటే ఆ ఒక్క సైటే చాలామందికి చూపించింది. 2012 నుంచి ఏటా ఆగస్టు 13న మొదలై సెప్టెంబరు 13న ముగిసే పోటీ ఒకటుంది. జావాస్క్రిప్ట్‌తో చేసిన ఆట, జిప్ చేశాక 13 కిలోబైట్లలో ఇమడాలి. లిన్ ఫిషర్ అనే డిజైనరు 2014లో తనకు తానే షరతు పెట్టుకుంది: ఒక్కో బొమ్మకు ఒక్కటే డివ్. మిగతాదంతా సీఎస్ఎస్‌తో గీయాల్సిందే.

షరతు ఉంటే బుర్ర పదునెక్కుతుందని మనకెవరూ చెప్పనక్కర్లేదు. అష్టావధానం చూడండి. అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఫలానా అక్షరం రాకూడదని నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడ్డుపడతాడు. దత్తపది ఇచ్చినాయన నాలుగు పొంతనలేని మాటలు చేతిలో పెట్టి, వీటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు కొంటె ప్రశ్నలతో దారి మళ్లించబోతారు. సభంతా నవ్వుతూనే ఉంటుంది, పద్యం పూర్తవుతూనే ఉంటుంది. ఏదైనా రాయమంటే గంటసేపు ఆకాశం చూసేవాడు కూడా, ఈ అక్షరం రాకుండా రాయమంటే వెంటనే కాగితం అందుకుంటాడు. మీ వారపు ఆటకూ ఒక నిషిద్ధాక్షరి పెట్టండి. ఈ వారం బొమ్మల ఫైళ్లు నిషిద్ధం. వచ్చేవారం జావాస్క్రిప్ట్. ఆపైవారం రెండో రంగు.

తెలుగులో పేజీ చేసేవాళ్లకైతే షరతు ఇంకాస్త బిగుసుకుంటుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో సరిపోతుంది, మన లిపిలో ఒక్కో సంకేతానికీ మూడు బైట్లు కావాలి. హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు. ‘నమస్కారం’ అని పెట్టారా, 24 బైట్లు ఖర్చు. 5 కిలోబైట్ల పోటీలో అది చిన్న మొత్తమేం కాదు. పైగా ఇంగ్లీషుకు సరిపోయిన లైన్-హైట్ పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఇవి కోర్సుల్లో చెప్పరు. ఒక్క ఆదివారం గడువు మీద పేజీ చేసినవాడికి మాత్రం జన్మలో మరుపురావు. మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక వారం విషయం వాటినే పెట్టుకోవచ్చు.

‘మొదట బాగా నేర్చుకుని తర్వాత వస్తాను’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లు రారు. జెన్నిఫర్ డివాల్ట్ అనే అమెరికన్ యువతికి చిత్రకళ తెలుసు, కోడింగ్ తెలియదు. 2013 ఏప్రిల్ 1 నుంచి 180 రోజుల్లో 180 వెబ్‌సైట్లు చేస్తానని పూనుకుని చేసింది. మొదట్లోవి బొత్తిగా సాదావి. అయినా అవీ అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టింది, కోడు కూడా దాచుకోలేదు. మనకు అంత వేగం అక్కర్లేదు, ఉద్యోగాలూ పరీక్షలూ ఉన్నాయి. వారానికొకటి చాలు. ల్యాప్‌టాప్ లేదంటారా? ఫోన్‌లోనే కోడు రాసుకునే ఎడిటర్లు ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు రాసి డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేస్తే, ఇంటర్నెట్ లేకపోయినా బ్రౌజరులో తెరుచుకుంటుంది.

అసలు రుచి ఆదివారం రాత్రి లింకులు వచ్చాక మొదలవుతుంది. ఇక్కడ ఒక్క నియమం గట్టిగా పాటించండి: ‘సూపర్’, ‘కేక’, బొటనవేలి గుర్తు, ఇవి చెల్లవు. ప్రతి ఒక్కరూ ఇంకొకరి పేజీ సోర్సు తెరిచి చూసి, అందులో ఒక లైను గురించి మాట్లాడాలి. ‘ఆ నీడ ఎలా తెప్పించావ్?’ అని అడగండి, లేదా ‘నా ఫోన్‌లో బటన్ సగమే కనపడుతోంది’ అని చెప్పండి. మొదటి ప్రశ్న వల్ల అడిగినవాడు ఒకటి నేర్చుకుంటాడు. రెండో మాట వల్ల, తన పని మీద వచ్చిన విమర్శ తన మీద వచ్చింది కాదని చేసినవాడికి కాస్త కాస్తగా అలవాటవుతుంది. ఆఫీసులో మేనేజరు ముందు ముఖం ఎర్రబడకుండా కూర్చోవాలంటే ఈ అలవాటు ఎంతో అవసరం. దాన్ని స్నేహితుల మధ్య, చిరాకు ఫారం మీద సాధన చేయడం చవక.

ఏఐకి చెబితే అర నిమిషంలో చేసిపెడుతుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చేయించుకోనివ్వండి, గొడవ పడొద్దు. ‘ఈ లైను ఎందుకుంది?’ అని అడిగినప్పుడు మాత్రం జవాబు అతనే చెప్పాలి. చెప్పలేకపోతే ఆ లైను తీసేసి మళ్లీ పెట్టాలి. అతనే రెండు వారాల్లో దారికొస్తాడు.

వారం తప్పినవాడు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, మీరూ అడగొద్దు. ఎన్ని వారాలు వరుసగా చేశారో లెక్కకట్టే పట్టిక కూడా పెట్టకండి. వరుస తెగిన మరుక్షణం మనిషి మాయమవుతాడు. ప్రైజు మనీ ఊసే వద్దు. ఐదువందల రూపాయలు మధ్యలో పెడితే, మరుసటి వారం నుంచి ‘సోర్సు చూడనివ్వను’ అనేవాడు ఒకడు పుడతాడు.

మొదటి సోమవారానికి విషయం దొరకక ఆగిపోతారేమో, ఒకటి ఇస్తున్నాను: ఫ్యాన్ రెగ్యులేటర్. ఐదు నంబర్ల గుండ్రటి బుడిపె, తిప్పితే పేజీలో ఫ్యాన్ వేగం మారాలి. బొమ్మల ఫైళ్లు వాడకూడదు. మొత్తం 5 కిలోబైట్లు. మూడుకీ నాలుగుకీ తేడా తెలియకుండా, అచ్చం మన ఇళ్లలో ఉన్నట్టే తిప్పగలిగినవాడికి ఒక మార్కు ఎక్కువ.