షట్టర్ విప్పే ముందు

మేనల్లుడా,

తాతయ్య ఆగ్ఫా ఐసోలెట్ మడత కెమెరాలో ఒక సెకను పెడితే షట్టర్ తెరుచుకుని అలాగే ఉండిపోతోందనీ, నీ హాస్టల్ గదిలోనే విప్పేస్తాననీ రాశావు. విప్పు, నేను వద్దనను. కాకపోతే ఎంతవరకు విప్పాలో తెలుసుకుని మొదలుపెట్టు.

ముందు బెలోస్, అంటే లెన్సుకూ ఫిల్ముకూ మధ్య మడతలుగా ఉండే భాగం, చూడు. ఆగ్ఫా మడత కెమెరాలకు పాత జబ్బు అదే, మూలల్లో చిల్లులు పడతాయి. రాత్రి లైట్లార్పి, వెనక తలుపు తీసి, చిన్న టార్చి లోపల పెట్టి మడతల మూలలు పరీక్షించు. వెలుతురు చుక్కలు కనబడితే షట్టర్ ఎంత బాగా పనిచేసినా ఫిల్ము ఫాగ్ అయిపోతుంది. అప్పుడు పడిన శ్రమంతా దండగ.

ఇక షట్టర్ సంగతి. అది ప్రాంటర్-ఎస్, జర్మనీలో గాటియర్ కంపెనీ తయారుచేసింది, 1950ల నాటి సరుకు. ఒక సెకను నుంచి 1/300 దాకా వేగాలున్నాయి. పై వేగాలు దాదాపు స్ప్రింగు బలం మీదే నడిచిపోతాయి. నెమ్మది వేగాలకు దిగితే మాత్రం పళ్లచక్రాల వరుస ఒకటి అడ్డుపడి, రెక్కలు మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. నువ్వు వినే గర్రుమనే చప్పుడు ఆ చక్రాలదే. డెబ్బై ఏళ్ల కిందటి నూనె అక్కడ ఎండి జిగురుగా మారింది. పై వేగాలు సరిగ్గా ఉండి కిందివే మొరాయిస్తున్నాయంటే, చాలావరకు ఏదీ విరగలేదన్నమాటే. మురికి పట్టిందంతే. మీ తాతయ్య కాలంలో మనవాళ్లు కొన్న వడోదర ఆగ్ఫా క్లిక్-3కి ఈ బాధ లేదు. దానికి ఉన్నదే ఒక్క వేగం!

ఈ పని హాస్టల్లో వద్దు, ఏలూరు వచ్చినప్పుడు మన వరండాలో చెయ్యి. వాడాల్సింది సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలు. బండిలో పోసేది వాడితే జిడ్డు మిగులుతుంది. అది గుప్పున అంటుకునే వస్తువు, దగ్గర్లో దోమల బత్తి కూడా వెలగకూడదు. ఇంకొకటి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోహం చల్లబడుతుంది. కొల్లేటి గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి, ఆ చల్లటి రెక్కల మీద కంటికి ఆనని తడి పేరుకుంటుంది. ఉక్కు రెక్కలకు తుప్పు అక్కడే మొదలు. అందుకే ముసురు పట్టిన రోజుల్లో మొదలెట్టకు, మాఘ ఫాల్గుణాల్లో పొడి మధ్యాహ్నం చూసుకో. చెమట చుక్క లోపల పడకుండా నుదుటికి తుండు చుట్టుకో. నవ్వకు, నిజమే చెబుతున్నాను.

స్టీలు పళ్లెంలో తెల్లగుడ్డ పరిచి దాని మీద పని చెయ్యి. స్క్రూ జారినా ఎగిరిపోదు. వాచీ రిపేరు చేసేవాళ్ల స్క్రూడ్రైవర్లే కావాలి. ఫోకస్ రింగును ఇన్ఫినిటీ దగ్గర పెట్టి, లెన్సు అంచున ఆ స్థానం పెన్సిలుతో గుర్తు పెట్టుకో. రింగు చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలను వదులు చేస్తే చాలు, పూర్తిగా తియ్యక్కర్లేదు. తర్వాత ముందువైపు లెన్సును తిప్పి తియ్యాలి, తిరగకపోతే బలం వెయ్యకు. ఆగ్ఫా వాడిన పచ్చ గ్రీజు ఇప్పటికి లక్కలా బిగుసుకుపోయి ఉంటుంది. మరలోకి పెట్రోలు చుక్కలు వదిలి రాత్రంతా ఉంచితే లొంగుతుంది.

లోపలి కప్పు తీశాక చక్రాలు కనిపిస్తాయి. ఇక అక్కడ ఆగాలి. ఆ చక్రాల వరుసను బయటికి తియ్యకు. సన్నటి కుంచె కొనతో ఇరుసుల దగ్గర ఒక్క చుక్క పెట్టి, వేగాలు మార్చి మార్చి నొక్కుతూ ఉండు. గర్రుమనడం తెరలు తెరలుగా కాకుండా ఒకే ధారగా వచ్చేదాకా అదే పని. పెట్రోలు కుమ్మరిస్తే మురికంతా కరిగి రెక్కల మీదికి దిగుతుంది. రెక్కలను చెవిపుల్ల దూదితో, అది తెల్లగా వచ్చేదాకా తుడువు. నూనె మాత్రం వద్దు. కుట్టుమిషన్ నూనె వేసి పాడుచేసిన షట్టర్లు మా స్టూడియోకు చాలా వచ్చేవి. స్ప్రింగు ఏదైనా ఊడితే మాత్రం అన్నీ డబ్బాలో వేసి మూతపెట్టు, మిగతాది నేను చూస్తాను.

బిగించాక ఫోకస్ సరిచూడాలి. వెనక ఫిల్ము పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ బిగుతుగా అంటించి, షట్టర్‌ను బల్బ్‌లో తెరిచిపెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న సెల్ టవర్ వైపు తిప్పు. టవర్ ఇనుప కమ్మీలు విడివిడిగా స్పష్టంగా కనిపించిన చోట రింగును ఇన్ఫినిటీ దగ్గర బిగించు. వేగాలు కొలవడానికి నీ ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో 1/25 అంటే సుమారు 10 ఫ్రేములు వెలుతురు కనబడాలి. 1/300 ఈ పద్ధతిలో తేలదు, దాని గురించి బెంగ వద్దు.

ఒక సెకను కాస్త సాగిందని మళ్లీ విప్పకు. మామూలు ప్రింటు ఫిల్ము ఆ మాత్రం తేడా తట్టుకుంటుంది. కొల్లేటి ఎండలో 100 స్పీడు ఫిల్ముకు ఎపర్చర్ 16, షట్టర్ 1/100 సరిపోతుంది. ఆటపాకలో గూడబాతులు ఈ లెన్సుకు అందవు. తాటిదోనెలు, వలలు బాగా వస్తాయి. ఫిల్ము నేను తెప్పించి ఉంచుతాను, సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం వచ్చెయ్.

ఆశీస్సులతో,
మామయ్య