ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది… ట్యాబ్ కూడా కొనాలా?



దసరా, దీపావళి ఆఫర్లు మొదలయ్యాయంటే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. "మా ఫ్రెండ్స్ అందరికీ ట్యాబ్ ఉంది డాడీ, చదువుకోవడానికే" అని పిల్లలు అంటారు. "ల్యాప్‌టాప్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు?" అని పెద్దలు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ట్యాబ్‌తో సులువయ్యే చదువు పనులు కొన్ని ఉన్నాయి. అయితే ఆ పనులు మీ పాప లేదా బాబు చదువులో ఉన్నాయా, లేవా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే అది ఖర్చు కాదు, అవసరం. లేకపోతే ఇంట్లోకి ఇంకో టీవీ వచ్చినట్టే.

ఏ కంపెనీ ట్యాబ్ మంచిదో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. షాపుకి వెళ్లే ముందు ఇంట్లోనే కూర్చుని, ఒక కాగితం మీద మీరు, మీ పిల్లలు కలిసి తేల్చుకునే పద్ధతి ఇది.

ట్యాబ్ ఎందుకు పుట్టింది?

2010 జనవరిలో యాపిల్ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ తొలి ఐప్యాడ్‌ను లోకానికి చూపించారు. ఫోన్‌కీ, ల్యాప్‌టాప్‌కీ మధ్య ఇంకో వస్తువుకు చోటుందా అన్న ప్రశ్నతోనే ఆయన మొదలుపెట్టారు. కొన్ని ముఖ్యమైన పనులైనా ఆ రెండింటికంటే బాగా చేయగలిగితేనే అలాంటి వస్తువు ఉండాలి, లేకపోతే అక్కర్లేదు అన్నది ఆయన వాదన. ఆ రోజు ఆయన సోఫాలో కూర్చుని చూపించిన పనులు ఇంటర్నెట్ చూడటం, ఫోటోలు, వీడియోలు, పుస్తకాలు చదవడం లాంటివి. అంటే మొదట్లో ట్యాబ్ ప్రధానంగా చూడటానికీ, చదవడానికీ తయారైన వస్తువు. ఐప్యాడ్ మీద రాసుకోవడానికి ఆ సంస్థ సొంత పెన్సిల్ 2015లో గానీ రాలేదు.

మన దేశంలో 2011 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం తక్కువ ధరలో "ఆకాశ్" ట్యాబ్‌ను విడుదల చేసింది. ఆలోచన మంచిదే. కానీ తొలి మోడల్‌లో మెమరీ చాలా తక్కువ, స్క్రీన్ కూడా గట్టిగా నొక్కితేనే పలికే పాత రకం. ధర తక్కువైనంత మాత్రాన చదువుకు పనికొస్తుందని అనుకోలేమని అప్పుడే తెలిసింది.

జాబ్స్ వేసుకున్న ప్రశ్నే మనమూ వేసుకుందాం. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ల్యాప్‌టాప్ కంటే ట్యాబ్ బాగా చేసే పని ఏది?

ట్యాబ్ మెరుగ్గా చేసే పనులు

మొదటిది, చేతితో రాయడం. లెక్కల్లో స్టెప్స్, సైన్స్‌లో బొమ్మలు, సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్ కీబోర్డ్ మీద చేయడం చాలా కష్టం. మంచి పెన్ ఉన్న ట్యాబ్ మీద వర్క్‌షీట్ పీడీఎఫ్ తెరిచి, దాని మీదే రాసి, తిరిగి టీచర్‌కు పంపవచ్చు. ఇంగ్లిష్ ప్యాసేజ్‌లో తెలియని పదం కింద గీత గీసి, పక్కనే అర్థం రాసుకోవచ్చు.

రెండోది, పాఠ్యపుస్తకం చదవడం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ల్యాప్‌టాప్ స్క్రీన్ అడ్డంగా ఉంటుంది, పుస్తకం పేజీ నిలువుగా ఉంటుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో సగం పేజీ చదివి కిందకు జరపాల్సి వస్తుంది. ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే పేజీ మొత్తం కనిపిస్తుంది.

మూడోది, తెలుగు రాయడం. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో చాలామందికి తెలుగు టైపింగ్ రాదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో గూగుల్ కీబోర్డ్‌కు చేతిరాత పద్ధతి ఉంది. వేలితో గానీ, పెన్‌తో గానీ స్క్రీన్ మీద "అమ్మ" అని రాస్తే అచ్చు అక్షరాలుగా మారుతుంది. అయితే ఇది ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఉచితంగా ఉంది. కేవలం దీనికోసం ట్యాబ్ కొనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ మెరుగ్గా చేసే పనులు

పొడవైన రాత ఏదైనా ల్యాప్‌టాప్ పనే. ప్రాజెక్ట్ రిపోర్ట్, ప్రజెంటేషన్, ఎక్సెల్ షీట్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఒకపక్క సమాచారం చదువుతూ ఇంకోపక్క రాయాలంటే పెద్ద స్క్రీన్, కీబోర్డ్ కావాలి. సీబీఎస్‌ఈలో 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్ ఉంటుంది. ట్యాబ్‌లో కోడ్ రాయలేమని కాదు. కానీ వంద లైన్ల ప్రోగ్రామ్‌లో తప్పు వెతకాలంటే ల్యాప్‌టాప్ మీద కూర్చోవాల్సిందే.

ఇంటర్‌కు వెళ్లబోయే పిల్లల తల్లిదండ్రులు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. జేఈఈ మెయిన్, రెండు తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్ కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షలు. సమాధానం మౌస్‌తో గుర్తించాలి. జేఈఈ మెయిన్‌లో సంఖ్యలు రాయాల్సిన ప్రశ్నలకు స్క్రీన్ మీద కనిపించే కీప్యాడ్‌నే నొక్కాలి. రఫ్ వర్క్ కాగితం మీద చేయాలి. అంటే కళ్లు స్క్రీన్ మీద, చేయి కాగితం మీద. ఆ అలవాటు ల్యాప్‌టాప్, మౌస్, తెల్లకాగితంతో వస్తుంది. ట్యాబ్‌ను వేలితో నొక్కుతూ మాక్ టెస్టులు రాస్తే రాదు.

మరి నోట్స్ సంగతేమిటి?

2014లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ల్యాప్‌టాప్‌లో నోట్స్ తీసుకున్నవాళ్లు ఉపన్యాసంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టే ఎక్కువగా టైప్ చేశారు. భావం అర్థమైతేనే రాయగలిగే ప్రశ్నల్లో, చేత్తో రాసుకున్నవాళ్లు మెరుగ్గా రాశారు. తర్వాత ఇతరులు చేసిన అధ్యయనాల్లో ఆ తేడా ఇంత స్పష్టంగా రాలేదు. కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోవద్దు. కానీ ఒక టీచర్‌గా నాకు పనికొచ్చే మాట ఒకటి అందులో ఉంది. విన్నదాన్ని సొంత మాటల్లోకి మార్చుకోవడమే చదువు. ఆ పని రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో కూడా జరుగుతుంది. బోర్డ్ పరీక్ష ఎలాగూ పెన్నుతో, కాగితం మీదే రాయాలి. "నోట్స్ రాసుకోవడానికి ట్యాబ్" అని మీ అబ్బాయి అడిగితే, ఇప్పటి నోట్‌బుక్‌లో ఏం ఇబ్బంది ఉందో ముందు అడగండి.

వారం రోజుల లెక్క

ఇది మీ ఇంటి ఎక్సర్‌సైజ్. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి: ఏ పని, ఎంతసేపు, ఇప్పుడు దేని మీద చేస్తున్నారు, ఏమైనా ఇబ్బంది వచ్చిందా. సోమవారం నుంచి ఆదివారం వరకు స్క్రీన్‌తో చేసిన ప్రతి చదువు పనినీ పిల్లల చేతే రాయించండి. మీరు రాయకండి. వాళ్లు రాస్తేనే వాళ్లకూ తెలుస్తుంది.

ఆదివారం రాత్రి అందరూ కలిసి నాలుగో గడి చూడండి. అక్కడ సాధారణంగా మూడు రకాల ఇబ్బందులు కనిపిస్తాయి.

"పీడీఎఫ్ మీద రాయలేకపోయాను", "బొమ్మ గీయలేకపోయాను" అని మూడు, నాలుగు సార్లు ఉంటే, పెన్ ఉన్న ట్యాబ్ నిజంగా పనికొస్తుంది.

"ల్యాప్‌టాప్ ఖాళీగా లేదు", "డాడీ ఆఫీసుకు తీసుకెళ్లారు" అని ఉంటే, సమస్య వేరు. ఆఫీసు ల్యాప్‌టాప్ పిల్లల ల్యాప్‌టాప్ కాదు. అందులో సొంత పనులు చేసుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు కూడా. అలాంటి ఇంట్లో ట్యాబ్ రెండో పరికరం కాదు, పిల్లలకు అదే మొదటిది. పెద్ద తరగతి పిల్లలైతే ట్యాబ్ కంటే ముందు ఇంటికి ఒక మామూలు ల్యాప్‌టాప్ కొనడమే మేలు కావచ్చు.

"నెట్ స్లోగా ఉంది", "ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికి పది నిమిషాలు పడుతోంది" అని ఉంటే, ట్యాబ్ దానికి మందు కాదు. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. ఖర్చు కూడా కొత్త ట్యాబ్ కంటే బాగా తక్కువ.

నాలుగో గడి ఖాళీగా ఉంటే? అదీ ఒక సమాధానమే. పైగా ఆ సమాధానం ఇచ్చింది మీరు కాదు, మీ పిల్లలు రాసిన కాగితమే. "వద్దంటే వద్దు" అనడానికీ, "చూడు నాన్నా, నువ్వే రాశావు కదా" అనడానికీ ఎంతో తేడా ఉంది.

గంటకు ఎంత పడుతుంది?

అవసరం ఉందని తేలితే ఈ చిన్న లెక్క పిల్లలతోనే చేయించండి. ఉదాహరణకు పెన్, కవర్‌తో కలిపి ట్యాబ్ 20,000 రూపాయలు అనుకుందాం. మూడేళ్లు వాడతారు అనుకుంటే 156 వారాలు. వారానికి నాలుగు గంటలు చదువుకు వాడితే మొత్తం 624 గంటలు. గంటకు సుమారు 32 రూపాయలు. వారానికి అరగంటే వాడితే మొత్తం 78 గంటలు. అప్పుడు గంటకు 256 రూపాయలు దాటుతుంది. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్క సులువుగా చేయగలరు. యూట్యూబ్ చూసే గంటలు ఇందులో కలపకూడదన్నది ఒక్కటే షరతు.

కొనాలని నిర్ణయించుకుంటే

పెన్ గురించి ముందు అడగండి. రబ్బరు మొన ఉన్న మామూలు స్టైలస్ వేలికి బదులు మాత్రమే. దానితో లెక్కలు చేయడం కష్టం. స్క్రీన్ మీద అరచేయి ఆనించినా గీతలు పడని పెన్ కావాలి. అన్ని ట్యాబ్‌లూ అలాంటి పెన్‌ను తీసుకోవు. కొన్ని మోడళ్లకు అది పెట్టెలోనే వస్తుంది, కొన్నిటికి విడిగా కొనాలి. షాపులో మీ పాప చేత ఒక భిన్నాల లెక్క రాయించి చూడండి.

స్క్రీన్ సైజు చూడండి. ఎనిమిదిన్నర అంగుళాల ట్యాబ్‌లో ఏ4 పేజీ వెడల్పు దాదాపు సగానికి తగ్గిపోతుంది. అక్షరాలు కూడా అంతే చిన్నవవుతాయి. పదకొండు అంగుళాల దానిలో సుమారు 70 శాతం ఉంటుంది. చదువు కోసమే అయితే పది అంగుళాలకు తగ్గకుండా ఉంటే కళ్లకు మంచిది.

సిమ్ ఉన్న మోడల్ అవసరమా అని ఆలోచించండి. ఇంట్లో వైఫై ఉంటే వైఫై మోడల్ చాలు. బయట కావాలంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. నెట్ మీ చేతిలో ఉండటం కూడా ఒక లాభమే. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా అడగండి.

ఇంటికి వచ్చాక

ట్యాబ్ మంచంలోకీ, దుప్పటి కిందకీ సులువుగా వెళ్లిపోతుంది. ల్యాప్‌టాప్‌కు ఆ సౌకర్యం లేదు. అందుకే మొదటి రోజే ఇంటి నియమాలు పెట్టుకోండి. ట్యాబ్ హాల్లోనే వాడాలి. రాత్రి ఛార్జింగ్ మీ గదిలో పెట్టాలి. ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్ అనే సదుపాయాలతో ఏ యాప్ ఎంతసేపు వాడాలో మీరు నిర్ణయించవచ్చు. వాటిని దొంగచాటుగా కాకుండా పిల్లలకు చెప్పే పెట్టండి.

2020లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన "ప్రజ్ఞాత" మార్గదర్శకాల్లో, 1 నుంచి 8 తరగతుల వారికి రోజుకు 30 నుంచి 45 నిమిషాల ఆన్‌లైన్ క్లాసులు రెండుకు మించవద్దని చెప్పారు. 9 నుంచి 12 వరకు నాలుగు. స్కూల్ మొత్తం ఆన్‌లైన్‌లో నడిచిన రోజుల్లోనే అంత పరిమితి పెట్టారంటే, రోజూ బడికి వచ్చే పిల్లలకు అంతకన్నా తక్కువే సరిపోతుంది. ఇంట్లో చిన్న తమ్ముడో, చెల్లో ఉంటే ఇంకా జాగ్రత్త. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఆఫర్ ఈ ఆదివారంతో అయిపోతుందని కంగారు పడకండి. సంక్రాంతికి మళ్లీ వస్తుంది. ముందు వారం రోజులు ఆ కాగితం నింపించండి. కొనాలని తేలితే, ఎందుకు కొంటున్నారో మీ పిల్లలకు స్పష్టంగా తెలిసి ఉంటుంది. అక్కర్లేదని తేలితే ఆ డబ్బులో కొంత తీసి ఒక మంచి ఇంగ్లిష్ డిక్షనరీ, రెండు కథల పుస్తకాలు, కళ్లకు ఇబ్బంది లేని ఒక టేబుల్ ల్యాంప్ కొనివ్వండి. వాటికి ఛార్జింగ్ అయిపోతుందన్న బెంగ, అప్‌డేట్ల గొడవ ఉండవు.