చిన్నికి, కవర్ లెటర్ చదివాక

హామిల్టన్, ఒంటారియో
ఫిబ్రవరి, 2026



నువ్వు పంపిన కవర్ లెటర్ చదివాను. ఇంగ్లీషు బాగుంది, తప్పుల్లేవు. కానీ అందులో నువ్వెక్కడా కనబడలేదు. "చిన్నప్పటి నుంచీ ఆటలంటే ప్రాణం" అని మొదలుపెట్టావు చూడు, ముందు ఆ వాక్యం తీసెయ్. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కు వచ్చే ప్రతి దరఖాస్తూ అలాగే మొదలవుతుంది. యూనివర్సిటీ రిక్రియేషన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ అలాంటివి కట్టలు కట్టలుగా చూశాను. ఆటంటే పడిచచ్చేవాళ్లు కావలసినంత మంది ఉంటారు. మంచు తుఫానులో అవతలి జట్టు బస్సు దారిలో చిక్కుకుపోతే రిఫరీలకు ఫోన్ చేసి, జిమ్ బుకింగ్ మార్చి, పిల్లల తిండి సంగతి చూసి, మర్నాడు ఆ ఖర్చుల కాగితాలు సరిచేసేవాళ్లకే కరువు.

అసలు ఆ డిపార్ట్‌మెంట్ ఎవరి డబ్బుతో నడుస్తుందో తెలుసుకుంటే నీ ఉత్తరం దానంతటదే మారుతుంది. నువ్వు టీవీలో చూసే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్, లక్షమంది పట్టే స్టేడియాలు, కోట్ల డాలర్ల టీవీ ఒప్పందాలు ఇక్కడ ఉండవు. కెనడాలో యూనివర్సిటీ ఆటలన్నిటికీ పెద్ద సంస్థ యు స్పోర్ట్స్. 2016 దాకా సి.ఐ.ఎస్. అనేవాళ్లు. దాని కింద నాలుగు ప్రాంతీయ సంఘాలు, మన ఒంటారియోది ఓ.యూ.ఏ. ఈ ఆటలకు టిక్కెట్ల మీద వచ్చేది అంతంతమాత్రం. బండి నడిచేది ఎక్కువగా ప్రతి విద్యార్థీ ట్యూషన్‌తో పాటు కట్టే అథ్లెటిక్స్ ఫీజు మీదే. నీ ఫీజు రసీదు తీసి చూడు, అందులోనే ఉంటుంది. 2019లో ఒంటారియో ప్రభుత్వం విద్యార్థి సంఘాలూ క్యాంపస్ పత్రికలూ వసూలు చేసే ఫీజులు కడితే కట్టండి, మానితే మానండి అన్నప్పుడు కూడా ఆటల ఫీజును మాత్రం తప్పనిసరి జాబితాలోనే ఉంచింది. తర్వాత కోర్టు ఆ విధానాన్నే కొట్టేసిందనుకో, అది వేరే కథ.

దీనివల్ల తేలేదేమిటంటే, జట్టులో ఆడే కొన్ని వందల మంది కోసమే కాదు ఆ డిపార్ట్‌మెంట్. జిమ్ గడప తొక్కని వాళ్లు కూడా దానికి డబ్బు కడుతున్నారు. వాళ్లలో మన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. అలాంటి పిల్లను స్విమ్మింగ్ పూల్ దాకా, వాలీబాల్ కోర్టు దాకా తీసుకురాగలిగిన మనిషి కోసం డైరెక్టర్లు ఎదురుచూస్తుంటారు. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకో. 2024 నుంచి కేంద్రం విదేశీ విద్యార్థుల పర్మిట్లకు పరిమితి పెట్టింది. వచ్చే పిల్లలు తగ్గితే ఆ ఫీజూ తగ్గుతుంది, కొత్త ఉద్యోగాలూ తగ్గుతాయి. వెంటనే పిలుపు రాకపోతే అది నీ చేతకానితనమని కుమిలిపోకు.

ఇక నీ అనుభవం. గుంటూరులో చేసినదంతా ఒక్క ముక్కలో తేల్చేశావు: "ఇండియాలో టోర్నమెంట్ల నిర్వహణలో పాల్గొన్నాను". ఇదేం రాత తల్లీ! సౌత్‌జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలు జరిగినప్పుడు మూడు రోజులు నిద్ర లేకుండా నువ్వేం చేశావో నాకు ఫోన్లో చెప్పావు. ఏ యూనివర్సిటీ జట్టు వచ్చినా ఎలిజిబిలిటీ ఫారాలు, వయసు కాగితాలు, రిజిస్ట్రార్ సంతకాలు సరిచూసింది నువ్వే. ఒక జట్టులో ఒకమ్మాయి కాగితం సరిగ్గా లేదని పట్టుకుని, వాళ్ల కోచ్ అరుస్తున్నా కదల్లేదు. ఇప్పుడు నువ్వు దరఖాస్తు పెడుతున్న కోఆర్డినేటర్ ఉద్యోగంలో సగం పని సరిగ్గా అదే. ఇక్కడి క్రీడాకారుడికి జట్టులో ఆడే అర్హత మొత్తం అయిదేళ్లు. ఎవరికి ఎన్నేళ్లు మిగిలాయి, సరిపడా కోర్సులు తీసుకున్నారా, మార్కులు వచ్చాయా అని చూడాలి. ఒక్క అనర్హుడు మైదానంలోకి దిగితే గెలిచిన మ్యాచ్ కూడా చేజారిపోవచ్చు. ఆ కోచ్ అరుపులకు నువ్వు లొంగకపోవడం కవర్ లెటర్‌లో మొదటి పేరా కావాలి. ఎన్ని జట్లు, ఎంతమంది క్రీడాకారులు, ఎన్ని రోజులు అన్నవి అంకెలతో రాయి. సర్టిఫికెట్లు, పతకాలు చివరికి నెట్టు.

కబడ్డీ ఇక్కడివాళ్లకు తెలియదని తీసేశానన్నావు. మళ్లీ పెట్టు. బ్రాంప్టన్‌లో పంజాబీల సర్కిల్ కబడ్డీకి జనం విరగబడతారు. నీది ఆ రకం కాకపోయినా, మూడు యూనివర్సిటీల అమ్మాయిలకు నువ్వు ఆ ఆట నేర్పావన్నది చిన్న విషయం కాదు.

బయోడేటా పద్ధతి పూర్తిగా మర్చిపో. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లి అయిందా లేదా, కింద "పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న డిక్లరేషన్, ఏవీ వద్దు. రెండు పేజీలు దాటకూడదు.

"కెనడియన్ అనుభవం లేదు" అని నువ్వే ముందుగా క్షమాపణ చెప్పుకున్నావు. అది చదివి నాకు కోపం వచ్చింది. ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి పాతికమంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా బయటికిచ్చే ఉద్యోగ ప్రకటనలో కెనడియన్ అనుభవం కావాలని అడగకూడదు. వాళ్లకే అడిగే హక్కు లేనిదానికి నువ్వు ఎందుకు తలవంచుతావు? అదే చట్టం ప్రకారం జీతం ఎంత నుంచి ఎంత వరకో ప్రకటనలో చెప్పాలి. దరఖాస్తులు వడపోయడానికి ఏఐ వాడుతుంటే అదీ చెప్పాలి. ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లకు 45 రోజుల్లోగా సంగతి తెలియజేయాలి. ఏఐ వాడతామని రాసి ఉంటే, ప్రకటనలో ఉన్న మాటలనే నీ రెజ్యూమేలోనూ వాడు. వాళ్లు "షెడ్యూలింగ్" అంటే నువ్వూ "షెడ్యూలింగ్" అనే అను.

నువ్వు పంపిన రెండు ప్రకటనల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండోది, రిక్రియేషన్ ప్రోగ్రామ్ లీడర్, నీకు తేలిగ్గా వస్తుంది. చేస్తున్నప్పుడు సరదాగానూ ఉంటుంది. కానీ ఆ పని ప్రభుత్వ వృత్తుల జాబితాలో టీర్ 4 అనే స్థాయిలో ఉంది. పర్మనెంట్ రెసిడెన్సీకి కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో లెక్కకొచ్చేవి టీర్ 0 నుంచి 3 దాకానే. అందులో కనీసం ఏడాది పని, అంటే 1,560 గంటలు కావాలి. నువ్వు చదివేది మాస్టర్స్ కాబట్టి చదువయ్యాక నీకు మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తుంది. మూడేళ్లంటే చాలా ఉన్నట్టే ఉంటుంది, చూస్తుండగానే అయిపోతాయి. అందుకని కోఆర్డినేటర్ పోస్టు మీదే గట్టిగా దృష్టి పెట్టు. పేరు చూసి మోసపోకు సుమా, వాళ్లు లెక్కలోకి తీసుకునేది చేసే పనులను. ప్రకటనలో రాసిన పనుల జాబితాను ప్రభుత్వ సైట్‌లో ఉన్న వివరణతో పక్కపక్కన పెట్టి చూసుకో.

ఏప్రిల్ దాకా ఎలాగూ విద్యార్థివే కదా. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల రోజు స్కోర్ టేబుల్ దగ్గరో, టిక్కెట్ల దగ్గరో పనికి మనుషులు కావాలంటుంటారు. వెళ్లి చేరు. క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పనిచేయాలన్న నియమం క్యాంపస్ లోపలి పనికి వర్తించదు. ఫుల్‌టైమ్ చదువుతూ చేసిన పని ఆ 1,560 గంటల్లోకి రాదు, నిజమే. అయినా సరే వెళ్లు. యూనియన్ ఉన్న చోట లోపలివాళ్లకు ముందు అవకాశం ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. అది కాకపోయినా, ఆ టేబుల్ దగ్గర నిన్ను పనిచేస్తుండగా చూసిన మనిషే రేపు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చుంటాడు. ఈలోగా స్టాండర్డ్ ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్-సీ పూర్తి చెయ్, రెండు రోజుల పని. పిల్లల సమ్మర్ క్యాంపుల్లో అడుగుపెట్టాలంటే పోలీసుల దగ్గర వల్నరబుల్ సెక్టర్ చెక్ కావాలి. కొన్నిచోట్ల దానికి వారాలు పడుతుంది, అడిగినప్పుడు చూద్దాంలే అనుకోకు.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు వాళ్ల ఆటలు కాస్త చదువుకో. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, అమెరికాదీ కాదు. జట్టుకు 12 మంది, మూడు డౌన్లు. పురుషుల బాస్కెట్‌బాల్లో ఆటవా కార్లెటన్ యూనివర్సిటీ 2003 నుంచి 2023 దాకా 17 సార్లు జాతీయ ఛాంపియన్. ఆ బాస్కెట్‌బాల్ పుట్టించిన జేమ్స్ నైస్మిత్ ఇక్కడివాడే, ఒంటారియోలో ఆల్మంట్‌లో పుట్టి మెక్‌గిల్‌లో చదివాడు. 1891లో ఆయన ఆ ఆట మొదలుపెట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ నుంచే హ్యారీ బక్ వచ్చి 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ పెట్టాడు. మన జిల్లాల పాతతరం డ్రిల్లు మాస్టార్లు ఎంతోమంది అక్కడ చదివొచ్చినవాళ్లే. కాబట్టి నువ్వు పరాయి ఇంటికి వెళ్తున్నానని బెదరకు. అడిగితే తప్ప ఈ కథ చెప్పకు కూడా, వాళ్లకు అరగంటే టైమ్.

అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. టొరంటో యూనివర్సిటీలో హార్ట్ హౌస్ అనే విద్యార్థి కేంద్రం తలుపులు అమ్మాయిలకు సభ్యులుగా తెరుచుకున్నది 1972లో. ఇప్పుడు తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి, అయినా లోపలికి రాని పిల్లలున్నారు. వాళ్లు ఎందుకు రావడంలేదో, అద్దాల గోడల జిమ్‌లో నలుగురి ముందూ పరుగెత్తాలంటే ఎందుకు సంకోచిస్తారో, ఆ పానెల్‌లో కూర్చున్నవాళ్లకంటే నీకే ఎక్కువ తెలుసు. దానికి రెండు నెలల్లో, చిన్న ఖర్చుతో నువ్వు చేయగలిగిన పని ఒకటి ఆలోచించుకుని వెళ్లు. పెద్ద పథకాలు వద్దు.

రిఫరెన్సుల్లో నాగార్జున యూనివర్సిటీలో మీ ఫిజికల్ డైరెక్టర్ గారి పేరు తప్పక ఇవ్వు. జీమెయిల్ కాకుండా యూనివర్సిటీ ఈమెయిల్ ఇవ్వు. ఇక్కడి మధ్యాహ్నం అక్కడ రాత్రి పొద్దుపోయాక అవుతుంది కాబట్టి ఏ వేళకు ఫోన్ చేయాలో పక్కనే రాయి. ఆయనకు ముందే చెప్పి ఉంచు. మంచి నడవడిక గల విద్యార్థిని అని సర్టిఫికెట్ భాషలో చెబితే ఇక్కడ పనికిరాదు, ఆ ఎలిజిబిలిటీ కాగితం సంగతి చెప్పమను.

గడువు శుక్రవారం రాత్రి అన్నావు. గురువారం సాయంత్రానికి నాకు కొత్త ఉత్తరం పంపు. పాతదాన్ని దిద్దుతూ కూర్చోకు, ఖాళీ పేజీ తెరిచి రాయి.

ఉంటాను,
నీ పెద్దమ్మ

తా.క. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదాకా మీ అమ్మకు చెప్పకు. ఇవాళ చెబితే రేపు పొద్దుటికల్లా తెనాలిలో అందరికీ నీకు ఉద్యోగం వచ్చేసినట్టే.