క్రైస్తవ తత్త్వగ్రంథ పఠనము

మన ముదిగుబ్బ, ధర్మవరము, పెనుకొండ ప్రాంతములలోని విద్యావంతులు యేసుక్రీస్తు బోధలను మెచ్చుకొనుచునే క్రైస్తవ సిద్ధాంతములను త్రోసిపుచ్చుచుందురు. వారు మెచ్చుకొనునది కొండమీది ప్రసంగము. త్రోసిపుచ్చునది త్రిత్వము, అవతారము, ప్రాయశ్చిత్తము. ఈ రెండింటిని ఇట్లు వేఱుచేయుట న్యాయమా యను విచారణ మాత్రము మన గోష్ఠులలో జరుగదు. ప్రతివాది జవాబును చదువకయే తీర్పు చెప్పు న్యాయాధిపతిని మనము కోర్టులో సహింపము. గ్రంథపఠనమునందు మాత్రమేల సహింపవలెను? కావున ఈ శాస్త్రమును నేర్వగోరువారికి గ్రంథముల పట్టికకంటె ఒక వివాదమును చూపుట మేలని నా యభిప్రాయము. బోధను బోధకునినుండి విడదీయవచ్చునా యనునదే యా వివాదము.

ముందుగా మూలమును చదువవలయును. మనవారిలో పెక్కురు మత్తయి సువార్తలోని 5, 6, 7 అధ్యాయములతో చాలించుకొందురు. అట్లుగాక మార్కు సువార్తను ఒక్కదినముననే ఆద్యంతము చదివిచూడుడు. అది సువార్తలలో మిక్కిలి ప్రాచీనమైనదని పండితులలో అధికసంఖ్యాకుల మతము. దానియందు నీతిబోధ కొంచెమే. పదునాఱు అధ్యాయములలో చివరి యాఱును యెరూషలేములోని కడపటి దినములకును, మరణమునకును, తదనంతరమునకును చెల్లిపోయినవి. "ఇతడెవడు?" అను ప్రశ్న యడుగడుగున లేచుచుండును. నీతిసూత్రములకొఱకు పోయినవాని కిది యాశ్చర్యము కలిగించును. ఆ యాశ్చర్యమే యిందు మొదటి పాఠము.

తరువాత చదువదగినది రాజా రామమోహనరాయలవారి వ్యాజ్యము. వ్యాజ్యమనియే యనుచున్నాను. 1820లో ఆయన సువార్తలలోని నీతివాక్యములను ఏర్చికూర్చి, అద్భుతకార్యములను సిద్ధాంతభాగములను చాలవఱకు విడిచి, శాంతిసౌఖ్యములకు మార్గముగా యేసు బోధలను ప్రకటించెను. శ్రీరామపురపు మిషనరీయగు జాషువా మార్ష్‌మన్ దీని నాక్షేపించెను. క్రీస్తుయొక్క దైవత్వమును, ఆయన మరణమువలన కలిగిన పాపవిమోచనమును తీసివేసినచో మిగిలిన నీతి మనుష్యుని రక్షింపజాలదని యతని వాదము. రామమోహనుడు క్రైస్తవ ప్రజలకు మూడు విజ్ఞప్తులు వ్రాసి ప్రత్యుత్తరమిచ్చెను. హెబ్రీ, గ్రీకు భాషలను నేర్చి మూలవాక్యములతోనే వాదించెను. బాప్టిస్టు మిషను ముద్రాశాలవారు మూడవదానిని అచ్చువేయ నిరాకరింపగా, ఆయన వేఱు ముద్రాశాలయందు 1823లో దానిని వెలువరించెను. ఇంతలో విలియం ఆడమ్ అను మిషనరీయే 1821లో త్రిత్వసిద్ధాంతమును విడిచి రాయలవారి పక్షమున చేరెను.

మనము సాధారణముగా రాయలవారి పక్షమునే చదివి సంతోషింతుము. ఆయన పాండిత్యము గొప్పదే. వచనములను పరిశీలించుటలో పలుతావుల ఆయనదే పైచేయి యని నాకును తోచుచున్నది. కాని మార్ష్‌మన్ వేసిన మూలప్రశ్న మాత్రము అంత తేలికగా తీఱిపోవునది కాదు. మంచి యేదో తెలిసియు చేయలేకపోవు మనుష్యునికి మఱింత మంచి యాజ్ఞ యేమి యుపకారము చేయును? ఈ ప్రశ్నయొక్క బలము తెలియుటకు ఆగస్టీను రచించిన పశ్చాత్తాప గ్రంథమును చదువవలెను. క్రీ. శ. 354లో ఆఫ్రికా యుత్తరభాగమున, నేటి యల్జీరియా దేశమున జన్మించిన యీతడు పదుమూడు భాగములలో తన మనస్సును తానే విచారణ చేసికొనెను. ఎనిమిదవ భాగము చాలును: తన సంకల్పమే తన మాట వినకపోవుట యందు వర్ణింపబడినది. పిమ్మట ఆన్సెల్ము పదునొకండవ శతాబ్ది చివర గురుశిష్య సంవాదముగా దేవుడు మనుష్యుడేల యయ్యెనో నిరూపింపబూనిన గ్రంథము. ఋణము, గౌరవము, పరిహారము అను మాటలతో నడచు నా తర్కము వకీళ్లకు రుచించును. దానిలోని లోపమును కూడ వకీలే త్వరగా పట్టుకొనును. తామస్ అక్వినాసు మహాగ్రంథమును మాత్రము మొదటి సంవత్సరమున ముట్టకుండుటయే క్షేమము.

ఇక మన తెలుగువారి సంగతి. తెలుగు లిపిలో మొట్టమొదట అచ్చయిన పుస్తకములు జర్మనీలోని హాలె పట్టణమున 1740ల నడుమ బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించిన క్రైస్తవ గ్రంథములే. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయన'మను క్రైస్తవ ప్రబంధమును పద్యములలో రచించెను. అయినను తత్త్వవిచారమున మనకు ముఖ్యుడు నెల్లూరువాడైన పాండిపెద్ది చెంచయ్య (1886–1959). ఆయనయు న్యాయవాది, పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయాధిపతిగా నుండెను. బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు చదివిన మద్రాసు క్రైస్తవ కళాశాలలోనే ఈయనయు చదివెను. ఒకే కళాశాలనుండి వచ్చిన యీ ఇరువురిలో నొకరు బ్రహ్మసమాజమునందు నిలిచిరి, ఒకరు క్రైస్తవ సమాజమునందుండి దానినే విమర్శించిరి.

1938 డిసెంబరులో తాంబరమున అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగెను. హెండ్రిక్ క్రేమరు అను డచ్చి పండితుడు దానికొఱకు వ్రాసిన గ్రంథమున దైవప్రకటనకును ఇతర మతములకును నడుమ అవిచ్ఛిన్నమైన బాట లేదని స్థాపించెను. చెంచయ్యయు ఆయన మిత్రులును ఆ యేడే భారతదేశమున క్రైస్తవమును పునరాలోచించు సంపుటమును ప్రకటించి దానికి బదులుచెప్పిరి. చెంచయ్య దృష్టిలో యేసు ఋణము తీర్చిన జామీనుదారుడు కాడు. సృష్టిలో నూతనముగా పుట్టిన మానవత్వము. ఆత్మశక్తిచే మనమును అట్లు కావలెనని ఆయన యాశ. సంఘమను కట్టడమును, దాని తంతులను ఆయన లెక్కసేయలేదు. చూడుడు: సిద్ధాంతములను విడిచినాడు, కాని బోధకుని విడువలేదు; రామమోహనునితోడను మార్ష్‌మనుతోడను ఏకీభవింపక మూడవత్రోవ త్రొక్కెను. ఆయన బావమఱదియగు చక్కరై 'అవతార'మను మాటనే గ్రహించి, ఈ అవతారము వచ్చి పోవునది కాక నిత్యము నిలుచునదని భేదము చూపెను. పరిచితమైన మాట యొకటి పరాయి యర్థమును మోయవలసివచ్చినపుడు ఎంత శ్రమపడునో యిక్కడ తెలియును.

అయినను వీరందఱు వేదాంతపరిభాష తెలిసిన పాఠకునికొఱకు వ్రాసినవారు. తెలుగుదేశపు క్రైస్తవులలో అధికసంఖ్యాకులు మాల మాదిగ కుటుంబములవారు. వారు క్రీస్తునొద్దకు పోయినది బ్రహ్మజ్ఞానము చాలక కాదు. 1980ల నుండి అర్వింద్ నిర్మల్ మొదలగువారు దళిత దైవశాస్త్రమని చెప్పినది ఈ యాక్షేపమునే: బ్రాహ్మణ సంస్కృతితో పొత్తుకూర్చుకొన్న వేదాంతము తమ వ్యథను చూడలేదని. మన ఊళ్లలో చర్చికి పోవువారిని "బియ్యపు క్రైస్తవు"లని వెక్కిరించు పెద్దమనుష్యులు ఈ రచనలను చదివినపిమ్మట ఆ మాటను నోట తెచ్చుటకు సిగ్గుపడుదురు. బోధను బోధకునినుండి విడదీయవచ్చునా యను ప్రశ్న యిక్కడ వేఱురూపము దాల్చును: శిలువమీద నిందితుడై మరణించినవాడని తెలిసినందుననే వారికి ఆ బోధ తమదయ్యెను.

ఈ వివాదములన్నిటికి దారిచూపునట్టివి ఎం. ఎం. థామసును, రాబిన్ బాయిడును 1969లో వేఱువేఱుగా ప్రకటించిన భారతీయ క్రైస్తవ చింతనా చరిత్రలు. వానిని చివర చదువవలెనే గాని మొదట కాదు. నలుగురు కూడి చదువునెడల, రామమోహనుని మెచ్చువానికే మార్ష్‌మన్ పక్షమును, క్రేమరును మెచ్చువానికే చెంచయ్య పక్షమును ఒప్పగింపుడు. వాదింపవలసినవాడు ఆ పక్షపు గ్రంథమును కడవఱకు చదువక తప్పదు.